మోటారు ఆపిన రోజు

అరవై ఆరో ఏట మోకాళ్ళ కోసం మళ్ళీ సైకిలెక్కాను. చిత్తూరులో మా ఇంటి నుంచి మిట్ట మీది గుడికి మూడు కిలోమీటర్లు, నాకు ఇరవై ఎనిమిది నిమిషాలు. నాకన్నా రెండేళ్ళు చిన్నదైన మా తోడికోడలు, కొండలెక్కే బ్యాటరీ సైకిలు కొనుక్కొని పదిహేను నిమిషాల్లోనే చేరేది.

"ఏమక్కా, ఇంకా ఈడనే ఉండావా?" అంటూ దాటిపోయేది. నాకు ఒళ్ళు మండేది.

ఒకనాడు సగం దారిలో ఇద్దరం టీకి ఆగినప్పుడు, ఆమె చూడకుండా బటన్ నొక్కి ఆమె సైకిలు మోటారు ఆపేశాను. అయినా నాకంటే నాలుగు నిమిషాలు ముందే గుడి చేరింది. సిగ్గేసి, "మోటారు ఆపింది నేనే" అని ఒప్పుకున్నాను.

"తెలుసులే అక్కా. లైటు ఆరిపోయింటే చూసినా. మోటారే తొక్కుతాదని ఊరంతా చెప్తాండావు కదా, అందుకే అట్లే తొక్కినా" అని నవ్వింది.

ఆ రోజుతో ఆ సైకిలు మీద అసూయ పోయింది. ఇప్పుడా అసూయ ఆమె కాళ్ళ మీద ఉంది.