నీర పోసిన సీసా

మా మామ పోశాలు కల్లు గీయడానికి చెట్టెక్కితే, ఆయన దిగేదాకా మా అత్త ఉప్పలమ్మ కూర్చోదు. చిల్పూరు దగ్గరి వాళ్ల ఊళ్లో ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. ఒకసారి నడుముకు కట్టుకున్న మోకు జారి మామ తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. కాలు విరిగి ఆర్నెల్లు మంచంలో ఉన్నాడు. అప్పుడు మూడో తరగతి చదువుతున్న కూతురు, నాయిన ఎందుకు పడ్డాడో చెప్పమని ఊరందరినీ విసిగించేదట. మోకు తప్పా, చెట్టు తప్పా, గాలి తప్పా అని. ఆ పిల్ల సుమ, నా భార్య. ఈ ఏడాది విమానాల కంపెనీలో కో-పైలట్‌గా చేరింది.

నేను మహబూబాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. సుమ శిక్షణలో ఉన్నన్నాళ్లూ పాప పాలు, టీకాలు, జ్వరాలు నేనే చూసుకున్నాను. ఆమె ఫోనులో పాఠాలు ఒప్పజెబితే తప్పులు దిద్దాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఉద్యోగం వచ్చిందన్న రోజు నుంచి మాత్రం నాకు సరిగా నిద్ర లేదు. విమాన ప్రమాదాలు ఎంత అరుదో లెక్కగట్టి చెప్పగలను. పద్నాలుగు నెలల పాప భుజం మీద పడుకుని ఊపిరి తీస్తుంటే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

ప్రయాణికులతో ఆమె మొదటి ఫ్లైట్ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. దీవెనల కోసం ముందురోజే అత్తగారింటికి వచ్చాం. పొద్దున్నే మామ చెట్టు మీది కల్లు లొట్టి దించి, మొదటి గుక్క బిడ్డకే అన్నాడు.

"వద్దు నాయినా. విమానం ఎక్కేముందు మాకు మిషన్ల ఊదుడుంటది. జర వాసనొచ్చినా పక్కకు పెడుతరు."

"బండ్లాపి పోలీసోళ్లు ఊదిపిచ్చినట్టేనా?" మామ పగలబడి నవ్వాడు. "గౌండ్లోళ్ల బిడ్డ ఊదితే మిషనే తూలుతది తియ్!"

"నవ్వకు నాయినా. కొత్తదాన్ని. గియ్యాల పట్టుబడితే నా కొలువు మొదలుగాకముందే పోతది."

ఆమె స్నానానికి వెళ్లాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. సున్నం రాసిన చిన్న లొట్టిలోంచి స్టీలు సీసాలోకి తెల్లటి నీర పోసింది.

"గిది కల్లు గాదు అల్లుడా, తియ్యటి నీర. సంటిపిల్లలకు గూడ తాపుతం. దాని సంచిల పెట్టు, దారిల ఎండ."

మిగిలిన కొంచెం పాప కోసమని గ్లాసులో పోసి అరుగు మీద పెట్టింది.

సుమ సంచి ఎప్పుడూ నేనే సర్దుతాను. నేను సర్దితే ఆమె మళ్లీ చూసుకోదు. మూత పెట్టబోతుంటే సీసా అంచున సన్నటి నురుగు కనిపించింది. పులియకుండా లొట్టికి పూసే సున్నం పలుచగా పడినట్టుంది. చక్కెర, ఈస్టు, వెచ్చదనం. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. మూసిన సీసా, మార్చి ఎండ, విమానాశ్రయం దాకా రెండున్నర గంటల కారు ప్రయాణం. జనగామ దాటేసరికి అది నీర కాదు.

పట్టుబడితే ఎగరనివ్వరు. ఇంటికి వచ్చేస్తుంది.

మూత బిగించి, సీసాను సంచిలో పెట్టాను.

ఎనిమిదిన్నరకు సుమ ఎక్కిన కారు కదిలింది. అది మలుపు తిరిగాక కూడా నేను వాకిట్లోనే ఉన్నాను.

"కూసో అల్లుడా," అంది అత్త. "అది ఇంకా కారులనే ఉన్నది, గాల్లె లేదు."

కూర్చోలేకపోయాను. గంట గడిచింది. అరుగు మీది గ్లాసులో నురుగు పైదాకా పొంగింది. పాప అందులో వేలు ముంచి నోటి దగ్గరికి తీసుకుపోతోంది. వేలు లాగి తుడిచాను. ఫోను తీశాను.

"సీసా తెరిచినవా?"

"ఇప్పుడే. బుస్సుమని పొంగింది. నోట్లె పోసుకున్న, పులుపు తగిలి ఊంచేసిన. అమ్మ నీర పోసిందా?"

"అవును. తాగకు. నీళ్లతోని పుక్కిలించు."

"అమ్మకు తెల్వదనుకో. సంచి నువ్వు సర్దినవు గదా, చూడలేదా?"

చూడలేదు అంటే సరిపోయేది.

"చూసిన."

"ఎప్పుడు?"

"మూత పెట్టేటప్పుడు."

నీళ్లు పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అడిగింది. "పాప తిన్నదా?"

"ఇంకా లేదు."

"తినిపియ్యి." ఫోను పెట్టేసింది.

ఉమ్మేసిన ఒక్క గుక్క జాడ నోట్లో ఎంతసేపు ఉంటుందో, ఎన్ని నిమిషాలకు ఎంత పోతుందో వేళ్ల మీద లెక్కలు వేస్తూ వాకిట్లో తిరిగాను. ఏమైందని మామ అడిగాడు. ఏం లేదన్నాను. రెండు కావస్తుండగా మెసేజ్ వచ్చింది. "సున్నా." ఇంకో మాట లేదు. మూడు దాటగానే అత్త వచ్చి నా పక్కన నిలబడింది. "దిగినం" అన్న రెండో మెసేజ్ వచ్చేదాకా ఇద్దరం కూర్చోలేదు. ఆమె ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. నేను ఎందుకు నిలబడ్డానో ఆమెకు తెలియదు.

సెలవు దొరికినప్పుడల్లా సుమ మహబూబాబాద్ వస్తుంది. పాపను ఆడిస్తుంది, నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఆ శుక్రవారం ఊసు ఒక్కసారీ ఎత్తలేదు, వాళ్లమ్మకూ చెప్పలేదు. తిరిగి డ్యూటీకి వెళ్లే పొద్దున మాత్రం సీసాను తనే మూడుసార్లు కడుగుతుంది. నీళ్లు పట్టి, వాసన చూసి, మూత బిగిస్తుంది. సంచికి చిన్న తాళం కొన్నది.

నిన్న స్టేషన్‌లో రైలెక్కబోతుంటే బరువులు పట్టుకుందామని చెయ్యి చాపాను. పెట్టె ఇచ్చింది. సీసాను అవతలి చేతికి మార్చుకుంది.