నేను చూసుకుంటా

మా ఆయన్ని కాలవ తూము దగ్గర చంపారు. గడ్డపారతో. తల మీద కొట్టలేదు, మెడకీ భుజానికీ మధ్యన దించారు. చద్దన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని నేను గట్టెక్కేసరికి మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. చేతిలో పార ఉంది. నన్ను చూసి, "నువ్వింటికి పో" అన్నాడు. మాటతో పాటు నెత్తురొచ్చింది నోట్లోంచి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు గానీ పార వొదల్లేదు. ప్రాణం పోయాక వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీయాల్సొచ్చింది.

నాకు చదువు రాదు, సంతకం గీస్తానంతే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, తిట్లతో సహా.

ఎందుకు చంపారో తెలియాలంటే నీళ్ళ సంగతి తెలియాలి. మాది కృష్ణ వొడ్డు. అక్కడున్న కాస్తా అమ్ముకుని, తుంగభద్ర కాలవ కింద నల్లరేగడి చవగ్గా వస్తోందంటే రాయచూరు జిల్లాకొచ్చాం. తుమ్మకంప కొట్టి, పాముల్ని కొట్టి, మడులు కట్టాం. పిల్లకాలవకి పైన మా క్యాంపు, అంటే వలసొచ్చినవాళ్ళ ఊరు. కింద పాత ఊరు. వాళ్ళు తాతల నాటి నించీ అక్కడివాళ్ళు. వాళ్ళదీ తెలుగే, మా తెలుగు కాదు. నీళ్ళు ముందు మాకు, మిగిలితే వాళ్ళకి. రెండో పంటకి ఏం మిగుల్తాయి? బురద.

ఆ ఏడు రెండో పంట వరి పొట్ట మీద ఉండగా ఎలక్షనొచ్చింది. లీడరు జీపులో మా క్యాంపుకొచ్చాడు. మా నులక మంచం మీదే కూచున్నాడు, మా ఇంట్లోనే తిన్నాడు. "చెల్లెమ్మా, ఈ గోంగూర తిని చచ్చిపోయినా పరవాలేదు" అన్నాడు. చచ్చింది ఆయన కాదు. తూము చాలటం లేదని మగాళ్ళు మొర పెట్టుకుంటే మా ఆయన భుజం మీద చెయ్యేసి, "చాలకపోతే పెద్దది చేసుకోండయ్యా. గడ్డపారల్లేవా మీ దగ్గిర? కేసయితే నేను చూసుకుంటా" అన్నాడు.

ఆ మాట మా ఆయనకి నిషా ఎక్కినట్టు ఎక్కింది. "చూసుకుంటానన్నాడే! అంత పెద్దాయన, నా భుజం మీద చెయ్యేసి!" అని పడుకునే దాకా అదే పాట. బళ్ళు కట్టుకుని పోయి క్యాంపు క్యాంపంతా ఆయనకే గుద్దాం. గెలిచాడు.

గెలిచాడన్న కబురు రాగానే మావాళ్ళు తూము పగలగొట్టి వెడల్పు చేశారు. కింది ఊరి చేలు బీటలు తీశాయి. ఒక పొద్దున ఆ ఊరి మగాళ్ళు గడ్డపారలు పట్టుకుని గట్టెక్కారు. కాలవ కాపలా లస్కరు వాళ్ళని చూసి చెప్పులొదిలేసి పారిపోయాడు. ముందు తిట్లు. తరవాత మట్టిగడ్డలు. ఆ తరవాత ఎవరి చేతిలో ఏదుంటే అది. ఎవడిదో చెవి గట్టు మీద పడుంది, దానికి చీమలు పట్టాయి. మా ఆయన పారతో ఒకణ్ణి నడినెత్తిన కొట్టాడు. వాడు కాలవలో పడి మళ్ళీ లేవలేదు. వాడి తమ్ముడు గడ్డపార తెచ్చి మా ఆయన మీద దించాడు. నేను చూడలేదు, మా మరిది చూశాడు. అన్న మీద గడ్డపార లేవటం చూసి ఉరకబోతే, ఇద్దరు వాణ్ణి బురదలో తొక్కిపట్టి చూడనిచ్చారు.

చుట్టుపక్కల ఒక్కటే ట్రాక్టరు. రాయచూరు పెద్దాసుపత్రికి రెండు శవాల్నీ ఒకే తొట్టిలో వేశారు. చెరోపక్కన నేనూ, ఆ చచ్చినవాడి పెళ్ళామూ. రోడ్డు గుంటలు. గుంట వొచ్చినప్పుడల్లా ఆయన ఈయన మీదికి దొర్లేవాడు, మేం ఇద్దరం చెరోపక్కకీ లాగేవాళ్ళం. రెండో గుంటకో మూడో గుంటకో ఆవిడ నా జుట్టు పట్టుకుంది.

"నీ మొగడు నా మొగని తలకాయ పలగ్గొట్టిండు! నీ ఇల్లు మన్నుగాను!"

"నీ మరిది నా మొగుడి మెడలో గడ్డపార దించాడే, ముండా!" నేనూ ఆవిడ జుట్టు దొరకబుచ్చుకున్నా.

ఇంజను పక్కన కూచున్న పోలీసు కన్నడంలో "సుమ్మనిరమ్మా!" అని అరిచాడు. అంటే నోరు మూసుకోమని. ఎవరు సుమ్మనుంటారు?

"క్యాంపోళ్ళకు గింత మదం యాడికెల్లి వచ్చింది? మా లీడరు రానీ, మిమ్మల్ని పీకి తుంగభద్రల ఏస్తడు."

"మీ లీడరెవడే? మా లీడరొస్తే మీ ఊరే ఉండదు."

ఆవిడ పేరు చెప్పింది. అదే పేరు. నేను అబద్ధమన్నాను.

"అబద్ధమేంది? మా ఇంట్ల కూసోని రొట్టె తిన్నడు. నీళ్ళు రాకుంటే ఊకుంటరా, గడ్డపారల్లేవా మీతాన, కేసైతే నేను చూస్కుంటా అన్నడు."

నా చెయ్యి ఆవిడ జుట్టులోనే ఉండిపోయింది. ఎందుకడిగానో తెలీదు, "రొట్టెలోకి ఏం పెట్టావే?" అన్నాను.

"పుండికూర. అది తిని సచ్చిపోయినా ఫర్వా లేదన్నడు."

పుండికూరంటే గోంగూరే. మళ్ళీ గుంట వొచ్చింది. శవాలు రెండూ ఒకదానికొకటి తగిలి ఊగాయి. ఈసారి లాగలేదు మేము.

లీడరు ఆసుపత్రికి రాలేదు, దినానికి రాలేదు. కేసు మాత్రం చూసుకున్నాడు. మా మీద కేసూ, వాళ్ళ మీద కేసూ, రెండిట్లోనూ సాక్షులు అడ్డం తిరిగారు, రెండూ కొట్టేశారు. మా ఆయన్ని చంపినవాడు మా కళ్ళెదటే గట్టు మీద తిరిగేవాడు, బీడీ కాల్చుకుంటూ. మా మరిది గొడ్డలి నూరటం మొదలెట్టాడు. నాకు మిగిలిన మగదిక్కు వాడొక్కడే. వాడు చంపితే ఉరి, చంపబోయి చస్తే పాడె. ఏదైనా నా చేలు బీడే, నా బతుకు బీడే. తొట్టిలో విన్నది చెప్పాను. "పగవాడి వొదిన మాట నమ్ముతావా వదినా? నీకు మతి పోయింది" అన్నాడు.

అయిదేళ్ళు నిండకుండానే మళ్ళీ ఎలక్షనొచ్చింది. లీడరు తాలూకు ఆడవాళ్ళు కుంకం భరిణెలతో ఇంటింటికీ బొట్టు పెట్టి ఓటడిగారు. మా గుమ్మం దాటేసి పక్కింటికి పోతున్నారు. "ఏమ్మా, నాకు బొట్టు లేదు గానీ ఓటుంది!" అని కేకేశాను. "మీ ఓటు మాదే కదా పిన్నిగారూ" అంది ఒకతె, వెనక్కి తిరక్కుండానే.

మర్నాడు లీడరే వొచ్చాడు. పశువుల కొట్టం పక్కన మా మరిదిని కూచోబెట్టుకుని మాట్లాడాడు. కొట్టం గోడకి ఇవతల నేను పేడ ఎత్తుతున్నా.

"కింది ఊరు ఈసారి ఎదటి పార్టీ వైపు తిరిగింది. రేపు తూము దగ్గిర నా మీటింగు. అడ్డుకోటానికి వాళ్ళొస్తారు. మీ అన్నని పొడిచినవాడే ముందుంటాడు. మగాడివి, ఇంకా నేను చెప్పాలా? తరవాతది నేను చూసుకుంటా."

"అలాగేనండి" అన్నాడు మా మరిది. లీడరు మనిషొకడు, మెడ లేని లావుపాటి వాడు, సారా బుడ్డి వాడి చేతిలో పెట్టాడు.

"ఒరే, వొద్దురా" అని కాళ్ళు పట్టుకున్నాను. నన్ను తోసేశాడు. పేడ చేతుల్తోనే కింది ఊరికి పరిగెత్తాను. అప్పట్లో తొట్టిలో శవాల పక్కన చూసిన మనిషి గుమ్మంలో నూకలు చెరుగుతోంది.

"ఏంది, క్యాంపుల నీళ్ళయిపోయినయా? మా ఇంటి తొవ్వ దొరికింది?"

"రేపు నీ మరిదిని గట్టెక్కనీకు. మావాడు నరుకుతాడు."

చేట ఆపింది. "గట్టు మీద ముందల నిలబడుమని వీనికీ జెప్పిండ్రు. ఇప్పుడు మా దిక్కు లీడరు వేరే. జీపు వేరే, జెండ వేరే. గాయన గూడ నేను చూస్కుంటా అనే అన్నడు. నేను కడుపుల తలకాయ పెట్టి ఏడ్చిన, వినలే. వాని కాలు ఇరగ్గొట్టాలె, ఇంక గంతే."

"మన మాట వీళ్ళు వినరు. రేపు మీటింగులో ఆయన్నే అడుగుదాం, అందరి ముందరా."

"నువ్వు మీ గట్టుకెల్లి రా. నేను మా గట్టుకెల్లి వస్త" అంది.

ఎడ్లబండి మీద తివాచీ పరిచి స్టేజీ కట్టారు. మైకు. ఈ గట్టున క్యాంపు, ఆ గట్టున కింది ఊరు కర్రలతో. మా ఆయన్ని చంపినవాడు ముందు వరసలోనే ఉన్నాడు, చెప్పినట్టే. మా మరిది బండి చక్రం పక్కన, గొడ్డలి తువ్వాల్లో చుట్టుకుని. కళ్ళు చింతనిప్పులు. నేను మగాళ్ళని తోసుకుంటూ బండి దగ్గిరకి పోయాను.

"అయ్యా, నిన్న మా కొట్టంలో మా మరిదికి చెప్పిన మాట మైకులో చెప్పు!"

"చెల్లెమ్మా, దుఃఖంలో ఉన్నావు, కూచో."

"పోయినసారి మా ఆయనకి చెప్పిన మాట చెప్పు! కింది ఊళ్ళో పుండికూర తిని చెప్పిన మాట చెప్పు!"

అప్పుడే తూము మీద నించి ఆవిడ ఇటు దాటింది. "జెప్పు దొరా! మా ఇంట్ల జెప్పిన మాటేంది? నోట్ల ఏం బెట్టుకున్నవ్?" అంటూ బండెక్కేసింది. చెప్పు తీసి మొహం మీద కొట్టింది. ఆ దెబ్బ మైకులో వినపడింది.

లీడరు కళ్ళతో సైగ చేశాడు. మెడ లేనివాడు నా చెయ్యి వెనక్కి విరిచాడు. పచ్చి చెరుకు గడ విరిగినట్టు చప్పుడయింది. నేనరిచిన అరుపుకి ఎడ్లు బెదిరి బండి వొరిగింది, లీడరు మైకుతో సహా కిందపడ్డాడు. మెడ లేనివాడు నన్ను జుట్టు పట్టి నేలకేసి కొడుతుంటే మా మరిది చూశాడు. తనకి సారా పోసిన చెయ్యి అది. తువ్వాలు జారిపోయింది. గొడ్డలి కాలవ దాటలేదు, ఇక్కడే, వాడి తొడలో దిగింది.

ఇంక ఆపై ఎవరికీ ఎవరూ కాలేదు. రెండు గట్ల నించీ రాళ్ళొచ్చాయి, లీడరు జీపు కాలవలో తిరగబడింది, పోలీసులు ఆడా మగా చూడకుండా బాదారు. నా నోట్లో మట్టి, నెత్తురు. గడ్డపారవాడు తన వొదినని భుజాన వేసుకుని నీళ్ళలోంచి అవతలికి మోసుకుపోవటం ఒక కంటితో చూశాను. రెండో కన్ను తెరుచుకోలేదు.

మెడ లేనివాడు చావలేదు, కుంటుతూ బతికాడు. ఈసారి మాత్రం ఒక్క సాక్షీ అడ్డం తిరగలేదు. మా మరిదికి జైలు పడింది. ఎలక్షన్లో ఆ లీడరు ఓడాడు, ఎదటాయన గెలిచాడు. ఆయనా తూము దిక్కు చూళ్ళేదు. ఓట్ల రోజు జీపొచ్చి ఎక్కమంటే, జీపు మీద ఉమ్మేసి పడుకున్నాను.

యాపలదిన్నిలో ఎముకలు కట్టే ముసలాయన నా చేతికి కట్టుకట్టాడు. కట్టు విప్పాక జైలుకి పోయాను. మా మరిది కటకటాల్లోంచి నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వంకరగా అతుక్కుంది వదినా."

"పలుగు పట్టుకోటానికొస్తోంది, చాలు."

"వాడు?" అన్నాడు.

"ఉన్నాడు."

"నీళ్ళకొచ్చాడా?"

"మొన్నొచ్చాడు, గడ్డపారతోనే. తూము మీద అడ్డంగా కూచున్నాను. లెయ్యమన్నాడు, లెయ్యనన్నాను. నా అమ్మని తిట్టాడు, వాడి అమ్మమ్మని తిట్టాను. వాడి వొదినొచ్చి ఇద్దర్నీ తిట్టింది. సందేళ దాకా నీళ్ళు మాకు, అక్కణ్ణించి పొద్దుటి దాకా వాళ్ళకి."

"ఎవరు చేశారు ఫైసలా?"

"ఎవరు చేస్తార్రా? గొంతులు పోయాక మేమే చేసుకున్నాం" అన్నాను.