మునగాకు వేసిన నెయ్యి

మా ఆవిడ కాచే నెయ్యి వాసనకి ఓడలు దారి తప్పి మేముండే మల్కాపురం వైపు తిరిగేవని పోర్టులో చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్లు తక్కువే గానీ, కథ విని టీ ఇప్పించినవాళ్లు ఉన్నారు.

అసలు సంగతి ఇంతే. వెన్న కాగి చిటపటలు తగ్గే వేళకి ఆవిడ గుప్పెడు మునగాకు వేసేది. ఆకు కరకరలాడాక దింపేది. నెలలు గడిచినా ఆ నెయ్యికి ముక్కవాసన వచ్చేది కాదు.

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో ఆవిడ జ్వరంతో పోయింది. చివరిసారి కాచిన నెయ్యి ఒక సీసాడు మిగిలింది. అన్నంలో వేసుకోబుద్ధి కాలేదు. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, మూత తీసి వాసన చూసి, మళ్లీ అలమరలో పెట్టేవాణ్ణి. ఇంట్లో నాకోసం ఎదురుచూసేది అదొక్కటే.

పోర్టు దగ్గర నూనెలు పరీక్షించే గదిలో గాజుసామాను కడగడం నా పని. మునగాకులో ఏముందని ఒకరోజు కెమిస్టుగారిని అడిగాను.

"గాలి తగిలి నెయ్యి పాడవుతుందయ్యా. ఆకులో సారం ఆ దెబ్బ ముందు తాను తింటుంది. అది అయిపోయాకే నెయ్యి వంతు."

అయిపోయాక అన్న మాట నన్ను పట్టుకుంది. ఆ ఆదివారం సీసా ఎండలో పెట్టి నెయ్యి కరిగించాను. పచ్చి మునగాకు నూరి, పిండి, నాలుగు చెంచాల రసం అందులో కలిపేశాను.

కొన్నాళ్లు ముట్టకుండా ఉంచి మూత తీస్తే, పక్కవాటాలో ఉండే చేపలమ్మే అక్క గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏటి బాబూ, సేపలమ్మేది నానా, నువ్వా?"

చేసింది చెప్పాను.

"పచ్చి రసం పోసీసినావా! తడి తగిల్తే నెయ్యి ఉంటాదేటి? కాగినప్పుడే ఎయ్యాల ఆకు. నీ పెళ్లాం కాసినప్పుడు సూడనేదా?"

చూడకేం. పదేళ్లు ఆ పొయ్యి పక్కనే పీట వేసుకుని ఓడల కథలు చెప్పాను. ఆవిడ నవ్వుతూ ఆకు దూసేది. ఎప్పుడు వేస్తుందో, ఎందుకు వేస్తుందో గమనించింది లేదు.

"పారబోసీ బాబూ. రేపు ఎన్న తెత్తాను, కాసి సూపిత్తాను," అంది అక్క, గొంతు తగ్గించి.

అన్నట్టే తెచ్చింది. మునగాకు వేళకి వేసింది. నెయ్యి బాగానే కుదిరింది. ఆవిడది కాదు, అంతే.

మర్నాడు పోర్టులో మళ్లీ ఓడలు తిప్పాను. ఎవరూ టీ ఇప్పించలేదు. నేనూ అంత బాగా చెప్పలేదు లెండి.