రోడ్ల శాఖ డాక్టరుగారు

కొత్త ఆసుపత్రికి రిబ్బను కత్తిరించాక డాక్టరుగారు కత్తెరను పళ్లెంలో పడేసి, పక్కకు చూడకుండానే అరచెయ్యి చాపి "దూది" అన్నారు. ఏళ్ల తరబడి అలవాటు. పక్కనున్న కార్యకర్త కంగారుపడి ఆ చేతిలో మైకు పెట్టాడు. మైకు చేతికొచ్చాక ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, ఇకమీదట తన ఇంట్లోవాళ్లకు జలుబు చేసినా ఇక్కడే చూపిస్తానని అనేశారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అప్పటికాయన కొత్త ఎమ్మెల్యే. ఊళ్లో సగం మందికి సూది పొడిచిన చెయ్యి కదా, ఓట్లు రాకపోతాయా అని పార్టీవాళ్లే ఇంటికొచ్చి టికెట్టిచ్చారు. గెలిచారు. మళ్లీ గెలిచాక మంత్రిని చేశారు. వైద్యశాఖ ఖాయమని ఇంటిల్లిపాదీ అనుకుంటూ ఉంటే, ఆయనకు రోడ్లిచ్చి, వైద్యం ఒక రోడ్ల కాంట్రాక్టరుకిచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు అభినందించుకున్నారు.

పదవిలోకొచ్చాక ఆయనకు బాగా పట్టుబడింది ఒకే మాట: "చూస్తాను." క్లినిక్కులో ఆ మాట అనేలోపే స్టెతస్కోపు రోగి గుండె మీద ఉండేది. ఇప్పుడు అర్జీ తెచ్చినవాళ్లతో అంటే, పని కాదని అర్థం. లేదని మొహం మీద చెప్పకండి సార్, చూస్తానంటే చాలని పీఏ నేర్పాడు. పాత రోగులకు ఆ తేడా తెలీదు. డాక్టరుగారు చూస్తానన్నారంటే సగం జబ్బు నయమైనట్టే మెట్లు దిగి వెళ్లేవారు. ఆ నడకలు చూడలేక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

అలా ఉండగా వాళ్లక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన అక్క. త్వరగా ఆపరేషను కాకపోతే ఆవిడ ఇక నడవదని ఆయనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రిబ్బను కత్తిరించిన ఆ ఆసుపత్రిలో ఎముకల డాక్టరున్నాడు, బల్ల ఉంది, దీపాలున్నాయి. మత్తిచ్చే డాక్టరు మాత్రం బదిలీ మీద వెళ్లాడు, ఆ కుర్చీలోకి మరొకరు రాలేదు. ప్రైవేటుకు తీసుకెళ్తానంటే ఆవిడ మంచం కోడు పట్టుకుంది.

"అంతమందిలో మైకులో చెప్పావు. నన్ను మోసుకెళ్లి నీ మాట నువ్వే తప్పుతావా? నేను కదల్ను."

అది నోరుజారిన మాటని ఎన్ని రకాలుగా బతిమాలినా వినలేదు. చివరికాయన వైద్యమంత్రి గదికెళ్లి, కుర్చీ అంచున కూర్చుని, మత్తు డాక్టరును వేయించమని అడిగారు. కాంట్రాక్టరు మంత్రి ఫైలులోంచి తలెత్తి, ఎంతో ఆప్యాయంగా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు అడగాలా అన్నా? చూస్తాను."

డాక్టరుగారు థాంక్స్ చెప్పి, తలుపు మెల్లగా మూసి వచ్చేశారు.

వారాలు గడిచాయి. మత్తు డాక్టరూ రాలేదు, అక్క పట్టూ వీడలేదు. దానాదీనా ఆపరేషనుకు అదను దాటిపోయింది. సభ లేని రోజుల్లో ఆయన వచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చుంటున్నారు. వీధిలో పోలీసు జీపు, గుమ్మంలో అర్జీలవాళ్లు.

"ఒరేయ్, నువ్వొస్తుంటే బళ్లన్నీ ఆపేస్తారట. పెద్దపెద్ద ఆఫీసర్లు లేచి నిలబడతారట. మరి సొంత అక్కకు నువ్వు చెయ్యగలిగిందేంట్రా?"

"నిన్ను పక్కకి తిప్పమంటే తిప్పుతానక్కా."