పెయింట్‌లో గీసిన సిలువ

కాజీపేట చర్చిలో ఎవరి స్మారక కూడికైనా కార్డు దేవదానమే చేసేవాడు. కంప్యూటర్లో పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాం తెరిచి, నాలుక పంటికింద నొక్కిపట్టి, మౌస్‌తో సిలువ గీసి, రంగుడబ్బా గుర్తు నొక్కి నీలం రంగు పోసేవాడు. గీతలో ఎక్కడో సందు మిగిలేది, రంగు కార్డంతా పారేది. పక్కనే కూర్చున్న భార్య సువార్తమ్మ తెరమీద వేలు పెట్టి, "అగో, గాడ సందున్నది సూడుండ్రి" అని నవ్వేది. ఆమె పోయి ఏడాదైంది. ఇప్పుడు ఆమె కార్డే చేయాలి. చర్చికి వచ్చిన కొత్త కంప్యూటర్లో పెయింట్ లేదు. "ఇండ్ల అది రాదు తాతా, సిలువలు తయారుగనే ఉంటయి" అంటూ పాస్టరుగారి కూతురు ప్రీతి ఒక సిలువను తెచ్చి కార్డు మీద పెట్టింది. రంగు ఎటూ పారలేదు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు దేవదానం. ప్రీతి వెళ్ళాక లేచి, సువార్తమ్మ కూర్చునే కుర్చీలోకి మారి, తెరమీద వేలు పెట్టి సిలువ అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు. ఎక్కడా సందు దొరకలేదు.