నీళ్ళకోటలో పోలి దీపాలు

బర్మాలో మా లమ్మడా పేటలో, నది ఒడ్డు గోదాముల వెనక, చుట్టూ కందకం ఉన్న కోట ఒకటుందంటే మీరు నమ్మరు. సింహాచలమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించేదాకా నేనూ నమ్మలేదు! ఎప్పుడో ఓ బియ్యం వ్యాపారి దూరదేశపు పాత కోటల బొమ్మలు చూసి ముచ్చటపడి, ఇటుకలతో ఈ బుల్లి కోట కట్టించుకుని, చుట్టూ నీళ్ళు పెట్టించాడట. మన తెలుగువాళ్ళకి అది నీళ్ళకోట. ఇప్పుడు ఆయన మనవరాలు, ముసలావిడ డో మ్యా తీ గారి సొంతం.

సింహాచలమ్మ దానికి కాపలా మనిషి. ఆమెకి ఇల్లంటే కందకం గట్టు మీదున్న ఒంటిగదే. మొగుడు దండాసి ఏటా వేసవిలో కందకంలోకి దిగి గుర్రపుడెక్క లాగిపారేసేవాడు. అతను పోయాక ఈమే దిగుతోంది.

కిందటేడు డో మ్యా తీ మేనల్లుడు కో జో ఓ ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చాడు. కందకం పూడ్చేసి కార్లు నిలుపుకునే చోటు చేస్తాడట! అప్పుడు గట్టు మీది గదినీ కొట్టెయ్యాలి.

"నిలవనీళ్ళు, దోమలు. ఇంకేముంది ఇందులో?" అన్నాడు కో జో బర్మీసులో.

వాళ్ళ సొంత ఇల్లాయె, అడిగేవాడెవడు? ముసలావిడకి ఇష్టం లేదు గానీ, ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు. "సింహాచలమ్మ వాళ్ళ దీపాల పండగ వెళ్ళనీ" అని మాత్రం అంది.

ఆ పండగ పోలి పాడ్యమి. కార్తీకం వెళ్ళిన మర్నాడు తెల్లవారుతుండగా అరటిదొప్పల్లో దీపాలు పెట్టి, పోలిని స్వర్గానికి సాగనంపుతాం కదా! దొప్పని నీళ్ళలో వదిలి చేత్తో మూడుసార్లు నీళ్ళు తొయ్యాలి. ఎవరి దొప్ప ముందు సాగితే వాళ్ళ చెయ్యి గొప్పది. తోసేసి, మొక్కేసి, ఎవరిళ్ళకి వాళ్ళం పోవడమే ఏటా.

"సింహాచలమ్మత్త తోసిందంటే మోటారు బోటే!" అంది నా బళ్ళో చదివే పద్మిని.

"ఈయేడు నేదే తల్లీ, సెయ్యి బెణికింది." సింహాచలమ్మ కట్టు చూపించింది. "ఈ కోటలో ఇదే ఆకరి పోలి గావాల. అది కూడా గట్టునే ఉండిపోతే నా బతుకేటి?"

ఆమె తొయ్యకుండానే దొప్ప వదిలింది. పాపం అనిపించి ఎవరం ఇళ్ళకి కదల్లేదు.

దొప్ప కదిలింది! గాలా, లేదు. ఆకైనా ఊగడం లేదు. తోసిన దొప్పలూ తొయ్యని దొప్పా అన్నీ ఎవరో పిలిచినట్టు ఒకే బారున వంటింటి గోడవైపు సాగాయి. గోడ కింద నల్లటి సందు. ఒక్కొక్కటే అందులోకి దూరుతుంటే లోపల ఇటుకల కమాను ఎర్రగా, బంగారంలా వెలిగింది.

"ఓలమ్మో! పోలి నిజింగానే ఎల్లిపోతంది టీచరమ్మా!" అని నావైపు తిరిగి అరిచింది సింహాచలమ్మ.

మెట్ల మీంచి చూస్తున్న కో జో గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు విడిచేశాడు.

తరవాత ఇంజనీరు అక్కడ ఒండ్రు తీయించాడు. చూస్తే నదిదాకా ఇటుకల తూము! నదిలో పోటుకి నీళ్ళొస్తాయి, ఆటుకి పోతాయి. ఇన్నేళ్ళూ కోట ఊపిరి పీలుస్తూనే ఉంది, మనకే తెలీదు! ఇంకాస్త తవ్వితే పునాది కింద టేకు దుంగలు, నల్లగా నిగనిగలాడుతూ.

"ఇవి నానుతున్నంతకాలం రాళ్ళే. ఎండాయంటే పుచ్చిపోతాయి, కోట కుంగిపోతుంది" అంటూ ఇంజనీరు తన ప్లాను చుట్టేశాడు.

డో మ్యా తీకి మాట దొరికింది. "మా తాత నీళ్ళ మీద నిలబెట్టాడు. నీళ్ళు అలాగే ఉంటాయి" అంది. కందకం పూడ్చే మాట అక్కడితో ఆగింది. గది ఉండిపోయింది, తూము దగ్గర డెక్క చేరకుండా చూసే పని కూడా సింహాచలమ్మకే వచ్చింది.

ఈ ఏడు పోలి పాడ్యమికి చూద్దునుగదా, సింహాచలమ్మ నయమైన చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో పెట్టి తోసేస్తోంది.

"నది లాక్కుపోతుంది కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఓసోస్! నాను తోసినట్టు నది తోస్తాదేటి? సూడు, సూడు, కమానులోకి నాదే ముందెల్లింది!"