ఖాతూన్‌బీ విన్న సొనాటా

హిందూపురం రహమత్‌పురంలో ఖాతూన్‌బీ కోపం తెలియని ఇల్లు లేదు. పట్టు రీలింగ్ షెడ్డులో పక్కన కూర్చున్న పిల్లను మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టినా, రేషన్ షాపు దగ్గర ఎవరో ముసలామెను కసిరినా, అది తనకు సంబంధించిన సంగతా కాదా అని చూసుకునేది కాదు. కొంగు నడుముకు దోపి ముందుకొచ్చేసేది. "నీకెందుకు ఈ గలాటా?" అని భర్త దస్తగిరి అడిగితే, "నా కండ్ల ముందర జరిగింది నాది కాకుంటే ఎవురిది?" అనేది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరిగే నీళ్లలో పట్టుగూళ్లు తిప్పుతూ పోగు తీయడం ఆమె పని. వేళ్ల చివర్లు ఎప్పుడూ ఉడికిపోయినట్టు తెల్లగా ముడతలు పడి ఉండేవి. దస్తగిరి తిప్పన్న బ్యాండు సెట్టులో క్లారినెట్ వాయించేవాడు. మనిషి నెమ్మది. భార్య ఊరితో పోట్లాడి వచ్చి ఆ కథంతా చెబుతుంటే విని, చివర్లో ఒక నవ్వు నవ్వి ఊరుకునేవాడు.

భర్త వాయించే వాయిద్యమంటే ఖాతూన్‌బీకి పెద్ద ఇష్టమేమీ ఉండేది కాదు. ఊరేగింపులో ముందు డప్పులు, డ్రమ్ములు, వెనక జనరేటరు బండి, చుట్టూ టపాకాయలు. వాటన్నిటినీ దాటి పాట వినిపించాలంటే దస్తగిరి మెడ నరాలు ఉబ్బేలా పైస్వరాల్లోనే ఊదాలి. ధర్మవరంలో చీరల వ్యాపారుల ఇళ్లలో పెళ్లిళ్లయితే మరీను. "గట్టిగా ఊదప్పా, జ్వరమొచ్చినోని మాదిరి ఊదుతాండావే!" అని పెళ్లికొడుకు స్నేహితులు చెవి దగ్గరికొచ్చి అరిచేవాళ్లు. అతను ఇంటికొచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించి, దవడలు నొక్కుకుంటూ పడుకునేవాడు. క్లారినెట్ అంటే ఆమెకు తెలిసింది అదే. ఒక కీచు అరుపు. ఆ అరుపుతో ఇల్లు గడుస్తోంది కాబట్టి ఓర్చుకునేది.

పెనుకొండలో ఒక పాత మిషన్ స్కూలు ఉండేది. అందులో ఎస్తేరు టీచరు పిల్లలకు పాటలు నేర్పేది. పెళ్లి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో పియానో నేర్చుకుని వచ్చింది. స్కూలు హాల్లో దొరల కాలం నాటి పియానో ఒకటి ఉంటే, ఆమె తప్ప దాన్ని ముట్టినవాళ్లు లేరు. 1998లో ఒకనాడు ఆమె ఇంటి ముందర ఒక పెళ్లి ఊరేగింపు ఆగిపోయింది. పూల బండి కరెంటు తీగకు తగులుకుందని డప్పులు ఆపేశారు. ఆ విరామంలో దస్తగిరి క్లారినెట్ మూతికుండే రీడు పుల్ల సరిచేసుకుని, ఎవరి కోసమూ కాకుండా, మెల్లగా ఏదో వాయించుకుంటున్నాడు. టీచరు గేటు తీసుకుని బయటికొచ్చింది.

"నోట్సు చూసి వాయించడం వచ్చా నీకు?" అని అడిగింది.

"వచ్చు టీచరమ్మా. మా మేనమామ మైసూరులో పోలీసు బ్యాండులో ఉండె. ఆయప్ప నేర్పించినాడు. ఇప్పుడెవురికి కావల్ల అది?"

"నాకు కావాలి. ఆదివారం సాయంత్రం స్కూలుకి రా."

ఆమె దగ్గర మూడు భాగాల సొనాటా ఒకటి ఉంది. ఎవరో విదేశీయుడు ఎన్నడో రాసింది. మాటలు లేవు, పాడేవాళ్లు ఉండరు. క్లారినెట్, పియానో, ఆ రెండే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మద్రాసులో ఒకసారి విని, ఎప్పటికైనా వాయించాలని ఆమె దాచుకుంది. తోడు వాయించే మనిషి దొరక్క తలలో వెంట్రుకలు తెల్లబడ్డాయి.

దస్తగిరి ఆదివారం ఆదివారం పెనుకొండ బస్సెక్కడం మొదలుపెట్టాడు. బ్యాండు యజమాని తిప్పన్న, "ఏమబ్బా, దొరలకు పెండ్లి కుదిరిందా?" అని అందరి ముందూ ఎకసెక్కాలాడేవాడు. ఖాతూన్‌బీ కూడా గొణిగేది. వారమంతా ఊది ఊది ఆదివారం ఒక్కపూట మూతికి విశ్రాంతి ఇవ్వకుండా ఇదేం పిచ్చి అని. అతను ఏమీ వివరించేవాడు కాదు. బస్సు దిగి ఇంటికొచ్చినప్పుడు మాత్రం ముఖం తేటగా ఉండేది. అది ఆమె గమనించింది. ఎందుకో అడగలేదు.

ఏడాది దాటాక స్కూలు ఉత్సవాలు వచ్చాయి. కార్యక్రమంలో ఎస్తేరు టీచరు సొనాటాకు చోటు సంపాదించింది. దస్తగిరి బ్యాండు యూనిఫారం కాకుండా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుంటుంటే ఖాతూన్‌బీకి నవ్వొచ్చింది. షెడ్డుకు సెలవు పెట్టి తనూ బయలుదేరింది. ఏం జరుగుతుందో చూద్దామనే తప్ప, విందామని కాదు.

హాల్లో బెంచీలు నిండాయి. ముఖ్య అతిథిగా ఒక పెద్ద నాయకుడు రావాలి, ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి స్కూలు నడిపే కరస్పాండెంటు వీళ్లను వేదిక మీదికి పంపాడు.

పియానో మొదలైంది. ఆ వెనకే క్లారినెట్ వచ్చింది. ఖాతూన్‌బీ ఆ గొంతును గుర్తుపట్టలేదు. ఇంకెవరైనా వాయిస్తున్నారేమోనని మెడ చాచి చూసింది. దస్తగిరే. అయితే ఆ స్వరం ఎక్కడో కిందినుంచి, గుండెకు దిగువ నుంచి వస్తోంది. మరిగే నీళ్లలోంచి పోగు లేచినట్టు, తెగిపోతుందేమో అన్నంత సన్నగా లేచి, తెగకుండా, మెల్లగా లావెక్కి హాలంతా పరుచుకుంది. ఆమెకు జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టి అతను మాట్లాడే గొంతు అది. ఆ గొంతు ఆ నల్ల కొయ్యలో ఉందని ఇన్నేళ్లలో ఆమెకు తెలియదు.

పియానో అతని వెనక తాళం వేయడం లేదు. అడుగుతోంది. అతను జవాబు చెప్తున్నాడు. ఒక్కోసారి టీచరు సగం అని ఆపేస్తే తక్కిన సగం అతను అందుకుంటున్నాడు. ఒకచోట ఇద్దరూ ఒకేసారి తొందరపడి, తగవులాడినట్టే ఆడి, మళ్లీ సర్దుకున్నారు. ఆ సర్దుకోవడం ఎంత నేర్పుగా జరిగిందంటే, దస్తగిరి ఎప్పుడు ఊపిరి పీల్చాడో ఆమెకు కనిపించలేదు.

రెండో భాగం నిదానంగా సాగింది. అందులో దస్తగిరి ఒకే స్వరాన్ని పట్టుకుని నిలిచాడు. కదల్లేదు. కింద పియానో మాత్రం మెట్టు మెట్టుగా మారుతూ పోయింది. అది మారే కొద్దీ, కదలని ఆ స్వరమే ఒకసారి దుఃఖంలాగా, ఒకసారి ఊరట లాగా, ఇంకోసారి ఎవరో ఇంటికి తిరిగొచ్చినట్టు వినిపించింది. ఆ స్వరం సన్నగిల్లి సన్నగిల్లి, పైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు కంటే చిన్నదైపోయినా, హాలు చివరి దాకా వినబడుతూనే ఉంది. ఖాతూన్‌బీకి లేచి వెళ్లి ఆ ఫ్యాను ఆపేయాలనిపించింది. వెనక బెంచీలో ఇద్దరు ఆడవాళ్లు చీరల సంగతి మాట్లాడుకుంటుంటే తిరిగి ఒక చూపు చూసింది. వాళ్లు నోరు మూశారు.

కండ్లు తడుస్తాయనుకుంది. తడవలేదు. దానికి బదులు ఆమెకు ఒళ్లంతా కోపం వచ్చింది. ఇంత గొంతున్న మనిషి చేత ఇరవై ఏళ్లు అరిపించారు. నడివీధిలో నిలబెట్టి, డప్పుల నడుమ పెట్టి, గట్టిగా గట్టిగా అని తోసి, ఈ గొంతు ఒకటుందని కూడా ఎవరికీ తెలియకుండా చేశారు. అందరూ తిన్నాక, వంటశాల వెనక నిలబడి అన్నం తినమన్నారు. ఆ పెళ్లిళ్లన్నీ, ఆ మనుషులంతా ఒక్కసారిగా ఆమె ముందర నిలబడ్డారు. పళ్లు బిగించుకుని వింటూ కూర్చుంది.

మూడో భాగం చురుగ్గా ఎత్తుకుని సగానికి వచ్చేసరికి గేటు దగ్గర టపాకాయలు పేలాయి. ముఖ్య అతిథి వచ్చాడు. ముందు వరసల్లో వాళ్లు లేచి నిలబడ్డారు. కరస్పాండెంటు వేదిక మీదికి పరుగెత్తి, పియానో మీద చెయ్యి ఆనించి, "చాలు టీచరమ్మా, చాలు చాలు" అన్నాడు. ఎస్తేరు టీచరు వేళ్లు ఆగిపోయాయి. ఆయన దస్తగిరి వైపు తిరిగాడు.

"ఏమప్పా బ్యాండాయన, సారు లోపలికొస్తాండాడు. హుషారైన పాటొకటి ఎత్తుకో."

దస్తగిరి ముఖం మారలేదు. ఇరవై ఏళ్ల అలవాటు. చేతులు వాటంతట అవే క్లారినెట్‌ను పైకెత్తాయి.

"వాయించొద్దు!"

హాలంతా తిరిగి చూసింది. ఖాతూన్‌బీ లేచి నిలబడి ఉంది.

"దించు దాన్ని," అంది భర్తతో. తర్వాత కరస్పాండెంటుతో, "నడుమలో ఎట్ల ఆపుతారు? మాట్లాడే మనిషి నోరు మూస్తారా?" అంది.

"ఎవురమ్మా నువ్వు? కూకో."

"ఆయప్ప పెండ్లాన్ని. కూకోనే ఉంటి, వింటాంటి. మీరే లేపినారు. తల నెరిసిందాక కాచుకోని వాయిస్తాంది ఆయమ్మ. రొంతసేపు వాకిలికాడ నిలబడితే మీ సారు కాళ్లు అరిగిపోతాయా?"

మెడలో పూలదండతో గుమ్మంలో ఆగిన నాయకుడు, "ఏందప్పా గలాటా?" అని నవ్వుతూ అడిగాడు.

"ఏం లేదు సార్. బ్యాండోళ్ల మనిషి," అన్నాడు కరస్పాండెంటు.

ఆ మాట విని దస్తగిరి క్లారినెట్‌ను పియానో మీద పెట్టాడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్ద మనుషుల ముందర అతను కూర్చోవడం ఖాతూన్‌బీ అదే మొదటిసారి చూడటం. హుషారైన పాట రాలేదు. నాయకుడు చప్పట్ల మధ్యే నడిచొచ్చి, కళలను ప్రోత్సహించాలని చాలాసేపు మాట్లాడి, ధర్మవరంలో ఇంకో మీటింగు ఉందని వెళ్లిపోయాడు. ఆ వెంటనే మైకులో భోజనాలని చెప్పారు. హాలు ఖాళీ అయింది.

ఎస్తేరు టీచరు పియానో ముందు నుంచి లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఖాతూన్‌బీ వేదిక దగ్గరికి పోయింది. "ఇంగెంత ఉండాది టీచరమ్మా?"

"మూడో భాగంలో సగం."

"మొదలునుంచి వాయించండి ఆ భాగం. నేను వింటా."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నయితే చెవులు లేవా నాకు?"

ఆమె పోయి తలుపులు మూసింది. ఫ్యాను ఆపింది. హాస్టలు పిల్లలు కొందరు, రిటైరైన లెక్కల మాస్టరు జయరాముడు, వాచ్‌మన్ కొండప్ప మిగిలారు. బయట గరిటెల చప్పుడు, సాంబారు అని కేకలు. లోపల మూడో భాగం మొదలైంది. ఈసారి ఇంకా బాగా వాయించారు. ఇద్దరిలోనూ అవమానం రగులుతోంది, అయినా చేతులు తప్పలేదు. పియానో ముందుకు దూకింది, క్లారినెట్ దాన్ని దాటింది, పియానో మళ్లీ దాన్ని తరిమింది. చివర్లో ఇద్దరూ ఒకేచోటికి వచ్చి, ఒకే ఊపులో ఆపేశారు. జయరాముడు మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదింత బాగుంటుందని ఎవరైనా ముందే చెప్తే నా పెళ్లాన్ని కూడా పిలుచుకొస్తును కదా" అన్నాడు.

తిరుగు బస్సు సోమందేపల్లి దాటాక ఖాతూన్‌బీ అడిగింది.

"ఆ కింది గొంతు దాంట్లో ఉండాదని నాకెందుకు చెప్పలా?"

"యాడ వాయించాల? డప్పుల నడుమనా?" అన్నాడు దస్తగిరి.

ఆ జవాబుకు ఆమె మళ్లీ మండిపడింది. అతని మీద కాదు.

రెండు రోజుల తర్వాత పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. ముఖ్య అతిథికి బ్యాండు మేళంతో ఘన స్వాగతం అని. ఎస్తేరు టీచరు పేరు లేదు, దస్తగిరి పేరు లేదు. ఖాతూన్‌బీ ఆ వార్త రాసిన విలేకరి నాగరాజును హిందూపురం బస్టాండు దగ్గర పట్టుకుంది.

"స్వాగతం వాయించలేదప్పా మేము. నేనే వద్దంటి. నువ్వు యాడుంటివి అప్పుడు?"

"భోజనాల కాడ ఉంటినక్కా," అన్నాడు నాగరాజు నిజాయితీగా. "అయినా అదేం సంగీతమో ఎవురికి తెలుసు?"

"తెలీకుంటే అడగల్ల. కూడు యాడ పెడతాండారో అడిగి తెలుసుకుంటివి కదా!"

సవరణ వేస్తానన్నాడు. వేయలేదు. తర్వాత కొన్నాళ్లకు ఎస్తేరు టీచరు రిటైరై మదనపల్లెలో చెల్లెలి దగ్గరికి పోయింది. హాల్లో కంప్యూటర్లు పెట్టాలని స్కూలు వాళ్లు పియానోను బెంగుళూరు పాత సామాన్లవాడికి అమ్మేశారు. ఆ సొనాటా మళ్లీ వాయించడం కుదరలేదు. ఖాతూన్‌బీ ఆ సంగతి తలుచుకుని కొన్ని వారాలు కనిపించినవాళ్లందరినీ తిట్టింది.

తిట్లతో ఆగలేదు. పెళ్లిళ్ల సీజను రాగానే తిప్పన్న ఇంటికొస్తే, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఊరేగింపులో మీ ఇష్టమొచ్చినట్ల ఊదించుకోండి. మండపంలో డప్పులు ఆపినాక, మా ఆయప్ప కుర్చీలో కూకోని, నెమ్మదిగా ఒకటి వాయిస్తాడు. అందరితోపాటు బంతిలో కూకోని తింటాడు. అట్లయితేనే పంపిస్తా."

"ఎవురు ఒప్పుకుంటారమ్మా?"

"నువ్వు అడిగి సూడు."

దస్తగిరి లేకుంటే బ్యాండు నడవదని తిప్పన్నకు తెలుసు. అడిగాడు. చాలామంది కాదన్నారు, కొందరు సరేనన్నారు. 2003లో ధర్మవరంలో ఒక చీరల వ్యాపారి ఇంటి పెళ్లిలో దస్తగిరి మండపంలో కుర్చీ వేసుకుని, కింది గొంతుతో ఒక నిదానమైన పాట వాయించి వచ్చాడు. ఖాతూన్‌బీ వాకిట్లోనే అడిగింది.

"ఎవురన్నా విన్నారా?"

"పెండ్లికూతురు అవ్వ వినింది. దగ్గరికొచ్చి కూకునింది. ఇంగోసారి వాయించమని అడిగింది."

"తక్కినోళ్లు?"

"తింటాండిరి."

ఖాతూన్‌బీ ఆ తక్కినవాళ్లను ఇంటిపేర్లు తెలియకపోయినా వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టింది. దస్తగిరి చెప్పులు విడిచి లోపలికి పోయాడు.